లేని మోకుకు ఒరిగిన రాజనర్సు

మేడిపల్లి రాజనర్సు కాలు బాగైంది. కోపం మాత్రం బాగుకాలేదు.

ఆయన తాటిచెట్టు మీది నుంచి పడింది పోయిన ఏడాది దీపావళికి ముందు. పొద్దున తుంపర పడి చెట్టు తడిగా ఉంది. కల్లు దించుకుని దిగుతుంటే గుజి తెగింది. చెట్టెక్కేటప్పుడు రెండు పాదాలను కలిపి పట్టే చిన్న తాడు అది. తెగితే పాదానికి పట్టు దొరకదు. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకున్న మోకు ఆయనను కొంతదూరం చెట్టు వెంటే జార్చుకుంటూ తెచ్చి, ఇంకా రెండు మనిషి నిలువుల ఎత్తు ఉందనగా వదిలేసింది. కుడికాలి ఎముక విరిగింది. కరీంనగర్‌లో రాడ్డు వేశారు. ఆరు నెలలు మంచం, రెండు నెలలు చేతికర్ర, తర్వాత మామూలు నడక. యాభై ఆరేళ్ళ మనిషికి ఇంతకంటే బాగా మానదని అక్కడి వాళ్ళు చెప్పి పంపారు.

నడక రాగానే చెట్టు దగ్గరికి వెళ్ళాడు. నిలువున్నర ఎత్తు ఎక్కాడు. అక్కడ ఊపిరి బిగుసుకుంది. చేతులు చెట్టును కరుచుకున్నాయి. ఎంతసేపటికీ పైకి కదలలేదు. చివరికి చర్మం గీరుకుంటూ దిగి, ఇంటికి వచ్చి, పప్పులో ఉప్పు లేదని గిన్నె విసిరాడు. పప్పులో ఉప్పు ఉంది.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ నిలువున్నర. ఈసారి ఇంటికి వచ్చాక దండెం మీది తువ్వాల తడిగా ఉందని రేగాడు. మూడోసారి టీవీ రిమోట్ పగిలింది. భార్య భూమవ్వకు లెక్క అర్థమైంది. ఆయన మోకు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిన రోజు పగిలే సామాను ముందే అటక మీద పెట్టేది.

రాజనర్సు తొందరకు కారణం ఉంది. తాటిచెట్టును ఇక్కడ తాడంటారు. ఊళ్ళోని తాళ్ళు, ఈతలు గౌడ సంఘం సభ్యులకు వంతులుగా పంచి ఉంటాయి. ఎక్కలేని వాడి చెట్లను ఏడాది పాటు తోటివాళ్ళు గీసి పెడతారు. ఏడాది దాటితే ఆ వంతు ఇంకొకరి పేరు మీదికి పోతుంది. రాజనర్సు వంతుకు పద్నాలుగు తాళ్ళున్నాయి. గడువు ఈ దీపావళి తర్వాత వచ్చే ఆదివారం. ఆ రోజు అందరి ముందు ఒక తాడెక్కి చూపించాలి. లేకపోతే పద్నాలుగూ పోతాయి.

సంఘం పెద్ద దశరథం మంచివాడే. దసరాకు ముందే ఇంటికి వచ్చి ఒక దారి చెప్పాడు. వాగు ఒడ్డున ఇరవై ఈతచెట్లు ఖాళీగా ఉన్నాయి, తాళ్ళు వదిలేసి అవి తీసుకొమ్మన్నాడు. ఈత ఎత్తు తక్కువ. కాలుకు అంత శ్రమ ఉండదు.

"దశరథన్నా, ఈతలెక్కేది ఎవ్వలు? నేర్సుకునే పోరలు, పండ్లు ఊడిన ముసలోళ్ళు. నేను ఏ లెక్కలకు అస్తున్న?" అన్నాడు రాజనర్సు.

"మంచికి చెప్తున్నరా నర్సూ."

"మంచికి చెప్పేదుంటే చాయ్ తాగి పో."

దశరథం చాయ్ కూడా తాగకుండానే వెళ్ళాడు. ఈతలు తీసుకొమ్మని భూమవ్వ ఏడాది నుంచి చెబుతూనే ఉంది. ఆ రోజు తర్వాత ఆ ఇంట్లో ఈత అనే మాటే ఎవరూ ఎత్తకూడదని రాజనర్సు హుకుం జారీ చేశాడు.

చిన్నకూతురు మనీషా కోరుట్లలో ఒక ల్యాబులో టెక్నీషియన్. రోజూ స్కూటీ మీద వెళ్ళొస్తుంది. తల్లి ఫోన్లు, తండ్రి అరుపులు వినీ వినీ ఒకరోజు సెలవు పెట్టి తండ్రిని జగిత్యాల తీసుకెళ్ళి డాక్టరుకు చూపించింది. డాక్టరు ఎక్స్‌రే చూశాడు. కాలు వంచి చూశాడు. బీపీ చూసి ముఖం కొంచెం చిట్లించాడు.

"ఎముక మంచిగ అతుక్కుంది. చెట్టు కాడ ఊపిరి ఆగుడు భయంతోని. కోపం సుత దాంతోనే," అన్నాడు.

"భయమా? నాకా?" అని రాజనర్సు అడిగిన తీరుకు బయట కుర్చీల్లో కూర్చున్న వాళ్ళు తలలు లోపలికి పెట్టి చూశారు.

డాక్టరు ఊపిరి వ్యాయామాలు ఏవైనా చేయించమని కాగితం మీద రాసిచ్చాడు. మెట్లు దిగుతూ రాజనర్సు ఆ కాగితం కూతురి ముందు పెట్టాడు.

"ఏం రాసిండు?"

అక్కడ ఆందోళన అని ఇంగ్లీషులో ఉంది. అది చదివి చెబితే బస్టాండ్ దాకా జరగబోయేది మనీషాకు కళ్ళ ముందు కనిపించింది.

"గ్యాస్ అని రాసిండు బాపు," అంది.

ఆమె చెప్పిన అబద్ధాల్లో అది మొదటిది. రెండోది వారం తర్వాత చెప్పింది. కోరుట్ల పార్కులో పొద్దున ఆరింటికి శ్రీహరి అనే ఆయన చైనా వాళ్ళ వ్యాయామం ఉచితంగా నేర్పిస్తున్నాడని ల్యాబులో ఎవరో అన్నారు. కోపం తగ్గుతుంది, నిద్ర పడుతుంది అన్నారు. ఆ మాట చెబితే తండ్రి గడప దాటడు.

"చెట్టెక్కెతందుకు దమ్ము అస్తదట బాపు. గల్ఫ్‌కు పోయొచ్చిన సారు చెప్తుండు," అంది.

దసరా తెల్లవారి నుంచి రాజనర్సు స్కూటీ వెనుక కూర్చుని కోరుట్ల వెళ్ళడం మొదలుపెట్టాడు.

శ్రీహరికి ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణం ఉంది. అంతకు ముందు ఖతర్‌లో తొమ్మిదేళ్ళు ఒక చైనా కంపెనీలో క్రేన్ నడిపాడు. అక్కడి ముసలి ఫోర్‌మన్ ఒకాయన తెల్లవారుజామున లేబర్ క్యాంపు మిద్దె మీద చేతులు తిప్పుతూ నిలబడేవాడు. శ్రీహరి మొదట నవ్వాడు, తర్వాత పక్కన నిలబడ్డాడు, చివరికి నేర్చుకున్నాడు. నడుము నొప్పి పోయిందని ఆయన నమ్మకం. తిరిగి వచ్చాక పార్కులో ఐదారుగురిని పోగుచేశాడు. ఒక రిటైర్డ్ టీచరు, ఒక బట్టల షాపు యజమాని, బీడీలు చుట్టీ చుట్టీ మెడలు పట్టేసిన ఇద్దరు ఆడవాళ్ళు.

"కాకా, దీన్ని చీగాంగ్ అంటరు. చీ అంటే మన లోపటి ప్రాణశక్తి. గాంగ్ అంటే సాధన," అన్నాడు శ్రీహరి మొదటి రోజు.

"ఛీ నా?"

"ఛీ కాదు కాకా. చీ."

"పొద్దుగాల లేశి ఛీ అనుకుంట మొదలువెడ్తరా ఎవలన్న? ఇంక వేరే పేరే దొరకలేదా వాళ్ళకు?"

బీడీల ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. శ్రీహరి వినిపించుకోనట్టు ముందుకు వెళ్ళాడు.

"గిది శరత్కాలం. చైనోళ్ళ లెక్కల గిది ఊపిరితిత్తుల కాలం. చెట్లు ఆకులు రాల్చినట్టు మనం లోపటి దుఃఖం, భయం ఊపిరితోని బయటికి ఇడువాలె."

రాజనర్సు పార్కంతా కలియజూశాడు. వానలు అప్పుడే వెనక్కి పోయాయి. కానుగలు, వేపలు, గోడ పక్క తంగేడు పచ్చగా నిగనిగలాడుతున్నాయి.

"ఏ చెట్టు రాలుస్తున్నది?"

"ఇక్కడ కాదు కాకా. చైనాల."

"మనకు ఆకు రాలేది శివరాత్రి కాడ. అప్పుడు రమ్మంటవా?"

టీచరు గట్టిగా నవ్వాడు.  నిజానికి శ్రీహరి నేర్చుకున్న చోట ఆకులు రాలడం కాదు, చెట్టే లేదు.

"ఆకుల ముచ్చట ఇడిచిపెట్టు కాకా. మోకాళ్ళు జెర వంచు. భుజాలు ఒదులు చెయ్యి."

మోకాళ్ళు వంచడం సులువే. భుజాలు వదులు చేయడం రాజనర్సుకు రాలేదు. ఊపిరి మెల్లగా వదలమంటే బుస్సున వదిలేవాడు. చేతులు మెల్లగా ఎత్తమంటే చెట్టు మీది కల్లు లొట్టి అందుకున్నట్టు లాగేవాడు. మూడో రోజు శ్రీహరి ఆయన కోసమే ఒక చిట్కా చెప్పాడు. కోపం కాలేయంలో ఉంటుందని చైనా వాళ్ళంటారట.

"కాలేయంల ఉంటే కల్లు తాగితే పోతది గద," అన్నాడు రాజనర్సు.

"పోదు కాకా! జెర ఇను. కోపం రాంగనే పండ్లు దగ్గరికి వెట్టి 'శ్శ్...' అనుకుంట మెల్లగ ఊపిరి ఇడువాలె. ఆరుసార్లు. నడిమిట్ల ఆగొద్దు, మాట్లాడొద్దు. మాట్లాడితే ఖతం, మల్ల మొదటి సంది."

రాజనర్సుకు అంతవరకు చెప్పినవాటిలో ఇది ఒక్కటే పని లాగా కనిపించింది. లెక్క ఉంది, నియమం ఉంది.

ఆ సాయంత్రం భూమవ్వ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. చెరుగుతూ అంది, ఆదివారం దగ్గరపడుతోందని, సంఘం వాళ్ళు వాగు ఒడ్డు చెట్లు వేరేవాళ్ళకు ఇచ్చేలోపు ఒక మాట చెబితే బాగుంటుందని. నిషిద్ధమైన మాట వాడకుండానే అంతా చెప్పింది. చివరికి నోరు జారింది.

"ఈతలన్న మిగుల్తయి గదయ్యా."

రాజనర్సు మెడ నరాలు లేచాయి. చేతికందే దూరంలో చెంబు ఉంది. అప్పుడే శ్రీహరి మాట గుర్తొచ్చింది. పళ్ళు దగ్గరికి పెట్టాడు.

"శ్శ్..."

చాట ఆగింది. "ఏమన్నవు?"

"శ్శ్..."

"నన్ను నోరు మూసుకొమ్మంటున్నవా?"

మధ్యలో మాట్లాడకూడదు. రాజనర్సు మూడు వేళ్ళు ఎత్తి చూపించాడు, మూడోది నడుస్తోందని. భూమవ్వకు అది బెదిరింపులా కనిపించింది. నాలుగోదానికి చాట పక్కన పెట్టింది. ఐదోదానికి లోపలికి వెళ్ళింది. ఆరోది అయిపోయి, చాలా నెలల తర్వాత కోపం నిజంగానే దిగి, రాజనర్సు తృప్తిగా కళ్ళు తెరిచేసరికి ఆమె చీరల సంచీతో గడప దాటుతోంది.

"ముప్పై రెండేండ్ల సంది గిన్నెలు ఇసిరినవు, ఊకున్న. తిట్టినవు, ఊకున్న. కుక్కను అదిలిచ్చినట్టు శ్శ్ అంటవా నన్ను? నేను సిరిసిల్లకు మా తమ్మునింటికి పోతున్న. బట్ట నేసే సాంచెల చప్పుడన్న మంచిది, నీ బుస కంటె!"

అప్పుడే పని నుంచి వస్తున్న మనీషా తల్లిని బస్టాప్‌లో పట్టుకుంది. అది వ్యాయామమని, కోపం తగ్గడానికని, నోరు మూసుకొమ్మని కాదని, పది నిమిషాలు వివరించింది. భూమవ్వ అంతా విని శ్రీహరికి ఫోన్ కలపమంది.

"నువ్వేనా గీ శ్శ్ నేర్పింది?"

"అక్కా, అది కోపం పోయేతందుకు..."

"ఎవల కోపం పోయింది కొడుకా? ఆయన కోపం ఆయనకు పోయింది, నాకచ్చింది. మా ఇంట్ల అది ఉన్నంతనే ఉన్నది, జాగ మారింది గంతే!"

సిరిసిల్ల బస్సు వచ్చింది, వెళ్ళింది. భూమవ్వ ఎక్కలేదు. ఒక షరతు మీద ఇంటికి వచ్చింది. శ్శ్ అనాలంటే పశువుల కొట్టంలోకి వెళ్ళి అనాలి. ఆ రోజు నుంచి ఇంట్లో గిన్నెలు పగలలేదు గానీ, పూటకోసారి కొట్టంలోంచి బుస వినిపించేది. బర్రె రెండురోజులు పాలు తక్కువిచ్చింది. దానికీ శ్రీహరికే ఫోన్ వెళ్ళింది.

ఇంత జరుగుతున్నా తాడెక్కడం మాత్రం నిలువున్నర దగ్గరే ఆగింది. పార్కు నుంచి వచ్చాక రోజూ వెళ్ళి చూసేవాడు. అదే ఎత్తు, అదే బిగింపు.

పార్కులో అన్నిటికంటే రాజనర్సుకు నచ్చింది చెట్టు నిలుపు. కాళ్ళు భుజాల వెడల్పు పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, చేతులు ముందుకు గుండ్రంగా చాచి, పెద్ద చెట్టును కావలించుకున్నట్టు కదలకుండా నిలబడాలి. శ్రీహరి మొదటిసారి చూపించగానే రాజనర్సు ముఖం విప్పారింది.

"గిది నాకు నేర్పుతవా? ముప్పై ఐదేండ్ల సంది గిదే పని నాది."

టీచరు మూడు నిమిషాలకు చేతులు దించేవాడు. బట్టల షాపాయన ఫోన్ చూసుకునేవాడు. రాజనర్సు పావుగంట నిలబడినా చేయి వణకదు. అయినా శ్రీహరికి రోజూ ఒకటే పంచాయితీ.

"కాకా, ఎనుకకు ఒరుగుతున్నవు. నడుము నిట్టగ ఉంచు."

"ఉంచిన."

"ఉంచలే. అరే, గిట్ల... గిట్ల కాకా!"

శ్రీహరి వెనుక నిలబడి రెండు చేతులతో నెట్టి నిటారుగా చేసేవాడు. పక్కకు జరగగానే రాజనర్సు నడుము మళ్ళీ వెనక్కి వంగేది. దీపావళి ఇంకో పది రోజులుందనగా శ్రీహరి విసిగిపోయి ఆయనను వదిలేసి బీడీల ఆడవాళ్ళ మెడలు చూడడానికి వెళ్ళాడు.

ఆ పొద్దున చలి మొదలైంది. రాజనర్సు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఊపిరి లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది. ఎప్పుడూ బుస్సుమనేది మెల్లబడింది. భుజాలు దిగాయి. చేతుల మధ్య చెట్టు ఉంది. నడుము వెనుక మోకు ఉంది. మామూలుగా చేసే పని చేశాడు. బరువంతా మోకు మీద వేసి వెనక్కి ఒరిగాడు.

మోకు లేదు.

నరికిన మొద్దులా గడ్డి మీద వెల్లకిలా పడ్డాడు. దబ్బున చప్పుడైంది. బీడీల ఆడవాళ్ళు "అయ్యయ్యో" అంటూ వచ్చారు. గడ్డం గుండెకు ఆనించుకుని పడ్డాడు కాబట్టి తలకు దెబ్బ తగల్లేదు. అది తెలిశాక ఆడవాళ్ళ నవ్వు ఆగలేదు. శ్రీహరి తల పట్టుకున్నాడు.

"ఎన్నిసార్లు చెప్పాలె కాకా? ఎనుకకు ఒరుగద్దని, ఒరుగద్దని..."

గేటు బయట చాయ్ తాగుతున్న మనీషా గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. తండ్రి లేవడం లేదు. ఆకాశం వైపు చూస్తూ పడుకున్నాడు.

"బిడ్డా, నేను ఒరిగిన."

"పడ్డవు బాపు. లే, చెయ్యియ్యి."

"పడుడు ఏరే. ఒరిగిన్నే! చూసినవా? ఒరిగిన!"

తలకు తగిలిందేమోనని మనీషా అనుమానపడి ఎన్ని వేళ్ళో చెప్పమని చేయి చూపించింది. రాజనర్సు ఆ చేతిని పక్కకు నెట్టి లేచి కూర్చుని, చుట్టూ మూగిన వాళ్ళకు విషయం చెప్పాడు.

తాడెక్కేవాడు చెట్టును కరుచుకోడు. వెనక్కి ఒరుగుతాడు. బరువు మోకు మీద పడితేనే పాదం చెట్టుకు గట్టిగా అదుముకుంటుంది. ఎంత ఒరిగితే అంత పట్టు. కరుచుకుంటే పాదం జారుతుంది, చేతులు అలసిపోతాయి, ఊపిరి ఆడదు. పడిన రోజు నుంచి రాజనర్సు చెట్టును కరుచుకుంటున్నాడు. ఆ సంగతి ఆయనకే తెలియదు. చెట్టు దగ్గరికి ఇంకెవరినీ రానివ్వలేదు కాబట్టి చూసి చెప్పేవాళ్ళు కూడా లేరు. ఏడాది తర్వాత మొదటిసారి ఆయన ఒళ్ళు మోకును నమ్మింది. అదీ మోకు లేని చోట, మున్సిపాలిటీ గడ్డి మీద.

"అయితే ఇగ చాలు, ఒరుగుడు అచ్చింది గద. ఇప్పటి సంది నిట్టగ నిలవడు," అన్నాడు శ్రీహరి.

మర్నాడు రాజనర్సు మోకు, కొత్త గుజి వేసుకుని పార్కుకు వచ్చాడు. గోడ పక్కనున్న కానుగ చెట్టుకు మోకు చుట్టి, నేలకు జానెడు ఎత్తున రెండు పాదాలు చెట్టుకు ఆనించి, వెనక్కి ఒరిగి, కళ్ళు మూసుకుని ఊపిరి వదలడం మొదలుపెట్టాడు. పార్కు వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. చెట్లకు తాళ్ళు కట్టరాదని బోర్డు ఉందన్నాడు.

"ఎవలు రాసిండ్రు? తాడు కట్టుడు తెలిసినోడైతే రాస్తడా?"

వాచ్‌మన్ శ్రీహరి వైపు తిరిగాడు. శ్రీహరి రాజనర్సు వైపు తిరిగాడు.

"కాకా, గిది చీగాంగ్ కాదు."

"మరి ఏంది?"

శ్రీహరి కాసేపు చూశాడు. భుజాలు వదులుగా ఉన్నాయి. మోకాళ్ళు వంగి ఉన్నాయి. ఊపిరి పొడుగ్గా వెళ్ళి పొడుగ్గా వస్తోంది. పది రోజులుగా ఆయన గొంతు చించుకుని అడిగినవన్నీ ఉన్నాయి, నిటారు నడుము తప్ప.

"నాకు తెల్వది," అని వాచ్‌మన్‌ను చాయ్‌కి తీసుకెళ్ళాడు.

ఇప్పుడు విసుగు మనీషా వంతైంది. తండ్రి చల్లబడితే చెట్టు మీద ఆశ వదులుకుంటాడని ఆమె అనుకుంది. తీరా చల్లబడిన తండ్రి రోజూ చెట్టు గురించే మాట్లాడుతున్నాడు. ఆదివారం రెండు రోజులుందనగా స్కూటీ రోడ్డు పక్కన ఆపింది. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి.

"బాపు, నేను నిన్ను పార్కుకు తోలుకపోతున్నది కోపం తగ్గెతందుకు. చెట్టెక్కెతందుకు కాదు. దమ్ము అస్తదని నేను అబద్ధం చెప్పిన. డాక్టరు గ్యాస్ అని సుత రాయలే."

"ఎరికే."

"ఎట్ల ఎరుక?"

"గ్యాస్ అయితే గోలీ ఇస్తుండె. ఇయ్యలే గద."

"మరి ఎరుకైనంక సుత ఎందుకెక్కుత అంటున్నవు? రాడ్డున్న కాలు బాపు అది! మల్ల పడితే నేను, అవ్వ ఏం గావాలె?"

రాజనర్సు వడ్ల మీదికి వచ్చిన కోడిని అదిలించాడు.  కోపం తెచ్చుకోలేదు. అదే మనీషాకు ఎక్కువ భయం పుట్టించింది. స్కూటీ స్టార్ట్ చేసి ఇంటి దారి పట్టింది.

ఆదివారం పొద్దున సంఘం వాళ్ళు ముప్పై మంది దాకా తాటివనం దగ్గర చేరారు. దశరథం సర్కారు ఇచ్చిన సేఫ్టీ కిట్టు తెచ్చాడు. అది కట్టుకోకపోతే ఎక్కనిచ్చేది లేదన్నాడు. రాజనర్సు గొణిగి కట్టుకున్నాడు. దాని మీద తన మోకు వేసుకున్నాడు. తాళ్ళెక్కేవాళ్ళ దేవుడు కాటమయ్యకు మొక్కాడు. మనీషా చెట్టు మొదట్లోనే నిలబడింది, పడితే పట్టుకునేలా. భూమవ్వ చెట్టుకు వీపు పెట్టి అటు తిరిగి నిలబడింది.

"నేను చూడ. ఏమయినా నాకు చెప్పకుండ్రి," అంది.

ఎక్కాడు. నిలువు ఎత్తు మామూలుగానే వెళ్ళింది. నిలువున్నర దగ్గర ఆగాడు.  చేతులు చెట్టు వైపు దగ్గరకు రావడం అందరికీ కనిపించింది. అప్పుడు పైనుంచి ఒక చప్పుడు వచ్చింది.

"శ్శ్..."

దశరథం తల ఎత్తాడు. "ఏందది? పామా?"

"పాము కాదు, మా ఆయన," అంది భూమవ్వ అటు తిరిగే. "ఆరుసార్లు అంటడు. ఆగుండ్రి. నడిమిట్ల మాట్లాడిచ్చిండ్రంటె మల్ల మొదటి సంది."

ఆరూ అయ్యాయి. రాజనర్సు నడుము మెల్లగా వెనక్కి వంగింది. మోకు బిగుసుకుంది. చేతులు చెట్టును వదిలి మోకు మీదికి వచ్చాయి. తర్వాత ఎక్కడా ఆగలేదు. కమ్మల దాకా వెళ్ళి, ఒక మట్టను చేత్తో తట్టి, దిగడం మొదలుపెట్టాడు. దిగడానికి ఎక్కినదానికి రెండింతలు సమయం పట్టింది. నేల మీద పాదం పెట్టాక నిలబడలేదు, కూర్చున్నాడు. కుడికాలు మోకాలి కింద వణుకుతోంది.

సంఘం వాళ్ళు కేకలు వేశారు. దశరథం పుస్తకం తెరిచాడు. "అయిపాయె. పద్నాలుగు తాళ్ళు నర్సువే."

"ఆగన్నా. తాళ్ళు వేరేటోళ్ళకు రాయి. వాగొడ్డు ఈతలు నాకు రాయి."

ముప్పై మందీ ఒక్కసారి మాట్లాడారు. దశరథం పుస్తకం మూసి ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నీకు దిమాక్ ఉన్నదారా? ఎక్కినవు గద! కండ్లతోని చూస్తిమి గద!"

"ఎక్కిన. ఎక్కేటప్పుడు మంచిగనే ఉన్నది. దిగేటప్పుడు కాలు చెప్పింది. ఒక్క తాడుకే గిట్ల వణుకుతున్నది. పద్నాలుగు తాళ్ళు, రెండు పూటలు... గీ కాలుతోని కాదు."

"గిదే ముచ్చట నెల కింద నేను మీ ఇంటికచ్చి చెప్పలేదా? చాయ్ తాగి పొమ్మంటివి!"

"అప్పుడు ఒప్పుకుంటె నర్సు భయపడ్డడని మీరందరు అంటుండ్రి. మీరు అనకున్నా నేను అనుకుందు. ఇప్పుడు భయం లేదు. కాలుకు చాతగాదు, గంతే. అది ఏరే, ఇది ఏరే."

దశరథం పుస్తకం మళ్ళీ తెరిచి పెన్ను తీశాడు.

భూమవ్వ అప్పుడు తిరిగింది. తిరిగి, ఏడాదిగా అటక మీద దాచిన సామానంతా దించినట్టు దించింది. "పోయిన దీపావళికి చెప్పిన. మంచంల ఉన్నప్పుడు చెప్పిన. కర్ర వట్టుకున్నప్పుడు చెప్పిన. ఈత అన్నందుకు ఇంట్లకెళ్ళి పోయేదాన్ని! గీ మాట తెలుసుకునేతందుకు చైనోడు కావాలె, కోరుట్ల కావాలె, పోరి సెలవు వెట్టాలె, బర్రె పాలు తగ్గాలె! నా నోట్లకెళ్ళి అస్తే మాట కాదా అది?"

రాజనర్సు పళ్ళు దగ్గరికి పెట్టాడు. చుట్టూ ముప్పై మంది ఉన్నారు, పశువుల కొట్టం దూరంగా ఉంది. ఊపిరి మామూలుగా వదిలి తల దించుకున్నాడు.

శ్రీహరికి కబురు మనీషా చెప్పింది. ఆయన ఉబ్బిపోయి, చీగాంగ్‌తో కాకా తాడెక్కాడని కోరుట్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. ఈతల సంగతి పెట్టలేదు. మర్నాడు పార్కుకు ముగ్గురు గీత కార్మికులు మోకులు భుజాన వేసుకుని వచ్చారు. కానుగ చెట్టు ఎక్కడుందని అడిగారు. వాచ్‌మన్ శ్రీహరి కోసం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

వాగు ఒడ్డున రాజనర్సు ఈతలు చెక్కడం మొదలుపెట్టాడు. మొదటి రోజు రెండో చెట్టు మీదుండగా కత్తికి పదును లేదని తేలింది. నూరిపెట్టమని భూమవ్వకు చెప్పానని ఆయన, చెప్పలేదని ఆమె. కింద నిలబడి ఆమె ఆ సంగతి వాగు అవతలికి వినిపించేలా చెబుతోంది. పైనుంచి మోకు బిగుసుకున్న చప్పుడైంది, తర్వాత సన్నగా బుస.

భూమవ్వ మాట ఆపి చాయ్ ఫ్లాస్కు మూత తీసింది. వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"అయిదే అయినయి," అంది పైకి చూసి. "ఇంకోటి అని దిగు. చాయ్ సల్లారుతది."